యజమాని కంచం

హైదరాబాదు,
20 అక్టోబరు 2024

వదినా,

ఫోను ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు, అందుకని కాగితం పట్టుకున్నాను. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో నాకే తెలియదు. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరులో ఆవిడ "పెళ్ళి శుభలేఖలకా?" అంది. కాదన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడే బస్సెక్కేశానని అక్కడ అందరూ తలో మాటా అనే ఉంటారు. అననీ. అన్నయ్య కొబ్బరికాయలు తోలిన ట్రక్కు ఆటో వాకిట్లో అలా నిలబడి ఉంటే, దాని పక్కనుంచి పెరట్లోకి వెళ్ళడం నా వల్ల కాలేదు. ఇక్కడ పని ఉంది. పనిలో పడితే సాయంత్రం దాకా ఏమీ తెలియదు. సాయంత్రం తర్వాత కూడా పెద్దగా తెలియడం లేదు. నిజం చెప్పాలంటే, నాకు అన్నయ్య పోయినట్టే లేదు. ఏదో లోడు మీద తాడేపల్లిగూడెం వెళ్ళాడు, వస్తాడు అన్నట్టుంది.

నువ్వు అడగవు గానీ మా పని సంగతి చెబుతాను, అందులో నీకూ భాగం ఉంది కదా. జూన్‌లో నేను వచ్చినప్పుడు అన్నయ్య ఫోనులో ఒక యాప్ పెట్టి వెళ్ళాను, రోజూ మధ్యాహ్నం వడ్డించగానే కంచం ఫోటో తీసి పంపమని. అలా కోనసీమలో చాలా ఇళ్ళ నుంచి వస్తున్నాయి. వాటన్నింటినీ మా ఏఐ చూస్తుంది. కంచంలో ఏముందో పోల్చుకుని, అందులో బలం ఎంతో హోమ్ సైన్సు వాళ్ళకీ, షుగరు పెరుగుతుందో లేదో మెడికల్ వాళ్ళకీ, ధర ఎంతో ఎకనామిక్స్ వాళ్ళకీ చెబుతుంది. ఏ కూరలు కనుమరుగైపోతున్నాయో హిస్టరీ ఆయన రాసుకుంటాడు. ఇంతమంది ఒక్క కంచం చుట్టూ మూగడం యూనివర్సిటీలో ఎప్పుడూ లేదట. చివర తెలుగు డిపార్ట్‌మెంటు తరఫున నేను. దానికి కూరల పేర్లు నేర్పడం నా ఉద్యోగం. మొన్న పనసపొట్టు కూర చూసి సేమ్యా ఉప్మా అంది. అరటిదూట పెరుగుపచ్చడి చూసి ఇడ్లీ ముక్కలు అంది. నేను ఒక్కొక్కటీ సరిదిద్దుతూ కూర్చుంటాను. నువ్వు నవ్వాలి ఇక్కడ.

ఇంటికి ఒక్క కంచం చాలు, కుటుంబ యజమానిది, అని మొదటి మీటింగులోనే పెద్దవాళ్ళు తేల్చేశారు. ఇంట్లో మిగతావాళ్ళు తినేదీ అదేగా అని. అందరం తలలూపాం, నేను కూడా.

మన ఇంటి ఫోటో ఒక్కరోజు కూడా తప్పడం లేదు. అన్నయ్య పోయిన పదమూడు రోజులూ రాలేదంతే, పద్నాలుగో రోజు నుంచి మళ్ళీ వస్తోంది. ఎలా ఉన్నావో రెండు ముక్కలు రాయి.

వేణి


కొత్తపేట,
కార్తీకమాసం

వేణికి,

నీ ఉత్తరం పక్కింటి బేబీ టీచరుగారు తెచ్చి ఇచ్చారు. పోస్టుమాను తలుపు కొట్టినప్పుడు నేను పలకలేదట. కుట్టు మిషను చప్పుడులో వినపడి ఉండదు.

ఉత్తరం మొదట్లో అందరూ క్షేమం అని రాయాలని బళ్ళో నేర్పారు. అది వదిలేసి మిగతాది రాస్తున్నాను.

ఫోను ఎత్తకపోవడం కోపం వల్ల కాదు. ఎత్తగానే అందరూ ఒకటే అడుగుతారు, అన్నం తిన్నావా అని. మా అక్క, మీ పిన్ని, కొబ్బరి మండీ బాపిరాజుగారి భార్య, అందరూ అదే. తిన్నానంటే ఏం కూర అంటారు. కూర పేరు చెబితే ఎలా కుదిరింది అంటారు. అంతసేపు మాట్లాడడానికి నాకు ఓపిక లేదు. కాగితం మీద అయితే మధ్యలో ఎవరూ అడగరు.

నాకు ఏడుపు రావట్లేదు వేణీ. పదో రోజున అందరూ నా మొహంలోకే చూశారు. అచ్చాయమ్మగారైతే "ఏడువమ్మా, ఏడిస్తే దిగుద్ది" అంటూ చెయ్యి గట్టిగా గిల్లారు. గిల్లినట్టు తెలిసింది, అంతే. కాలు కింద పెట్టుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూడు, ఒళ్ళంతా అలా ఉంది. అది పోతుందని ఎదురుచూడడం కూడా మానేశాను.

పెళ్ళిళ్ళ రోజులు కదా, జాకెట్లు బాగానే వస్తున్నాయి. పని లేనప్పుడు నావే పాతవి తీసి కుట్లు బిగించుకుంటున్నాను. చేతులు ఊరికే ఉంటే బాగోదు.

దీపావళి మనకి లేదు. ఏడాది దాకా మన పొయ్యి మీద మూకుడు పెట్టకూడదని ఊళ్ళో అందరికీ తెలుసు, అందుకని ఎవరి ఇంట్లో ఏం వండినా నాకు ఇంత పంపుతున్నారు. బేబీ గారిది చర్చి ఇల్లయినా ఈ సంగతి మా అందరికన్నా ఆవిడకే ఎక్కువ గుర్తు. గారెలు, పాకుండలు, బొబ్బట్లు. వద్దనకూడదు కదా, తీసుకుంటున్నాను. కంచంలో కూడా ఒకటి పెడుతున్నాను. మీ ఏఐకి కనపడే ఉంటుంది.

రోజూ వేళకి వండుతున్నాను, వేళకి వడ్డిస్తున్నాను, ఫోటో పంపుతున్నాను. నువ్వు నా గురించి బెంగ పెట్టుకోకు. ఉద్యోగం చూసుకో.

వదిన


హైదరాబాదు,
15 డిసెంబరు 2024

వదినా,

నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను. ముందు నీకో వింత చెప్పాలి.

నిన్న పెద్ద మీటింగు. అన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్ళూ వచ్చారు. హోమ్ సైన్సు ప్రొఫెసరు సుగుణ మేడమ్ తెర మీద మన ఇంటి నంబరు వేసి చూపించింది. పప్పు, కూర, పచ్చడి, చారు, పెరుగు, పండు, పైగా ఏదో ఒక తీపి. "ఈ కుటుంబ యజమాని ఆహారం ఆదర్శంగా ఉంది. అక్టోబరు నుంచి ఇంకా మెరుగైంది" అంది. మెడికల్ ఆయన తీపి కొంచెం తగ్గిస్తే మంచిదన్నాడు. ఎకనామిక్స్ ఆయన వీళ్ళ ఆదాయం పెరిగి ఉండాలి అన్నాడు. అందరూ ఆ కంచం వైపు మెచ్చుకోలుగా చూస్తున్నారు. నేను మంచినీళ్ళ సీసా మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

సరే, అది పక్కన పెట్టు. బేబీ గారు మొన్న ఫోను చేశారు. మొదట ఏవో చర్చి సంగతులు, పిల్లల పరీక్షల సంగతులు చెప్పి, పెట్టేసేముందు అసలు మాట బయటపెట్టారు.

"వేణిగారూ, ఏమీ అనుకోకండే. రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి మీ వదినగారు కంచం నిండా అన్నం తెచ్చి మా కోళ్ళకి పెట్టేస్తన్నారండి. పప్పు, కూర, అన్నీ కలిపే. మా కోళ్ళు చూస్తే ఇలా బలిసేయండి. ఆవిడ చూస్తే అలా చిక్కిపోయేరండి. అడిగితే 'మిగిలిందండి' అంటారు. ఒక్కరికి వండుకుంటే అంత ఎలా మిగుల్తాదండి?"

"నేను మాట్లాడతానండి" అన్నాను.

"ఆయ్. నేను చెప్పేనని మాత్రం అనకండే."

అన్నాను కదా ఇప్పుడు, ఏం చేస్తావో చెయ్యి. వదినా, పాత జాకెట్లు కుట్లు బిగించుకుంటున్నానని అంత తేలిగ్గా రాశావు. బట్ట పెరిగిందా, నువ్వు తరిగావా? మా ఏఐ రోజూ నీ ఇంట్లో ఆదర్శమైన భోజనం చూస్తోంది, బేబీ గారు రోజూ దాన్ని తమ కోళ్ళ ముందు చూస్తున్నారు. నేను ఎవరి మాట నమ్మాలి?

అన్నం తింటున్నావా?

వేణి


కొత్తపేట,
మాఘమాసం

వేణికి,

కాగితం మీద కూడా అదే అడిగావు.

తింటున్నాను. పొద్దున్న టీలో రెండు బిస్కెట్లు, ఒకోరోజు అరటిపండు. బేబీ గారు ఎదురుగా కూర్చుని పెడితే ఇడ్లీ. కళ్ళు తిరగడం లేదు, పని చేసుకుంటున్నాను. నా వయసులో ఒళ్ళు తగ్గితే మంచిదని మీ డాక్టర్లే కదా చెప్పేది.

ట్రక్కు ఆటో బాపిరాజుగారు వచ్చి తోలుకెళ్ళిపోయారు. అది ఎలాగూ మండీ బండే కదా. మీ అన్నయ్య సీటు కింద దాచుకున్న దువ్వెన, తుండు తీసి నా చేతికిచ్చి, "నలుగురం చూసుకుంటామమ్మా, మీరు దేనికీ ఇబ్బంది పడకండి" అన్నారు. ఆయ్ అన్నాను. ఆయనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి, ఆయనకే నేను మంచినీళ్ళిచ్చాను. ఇప్పుడు వాకిలి ఖాళీగా ఉంది, నువ్వు వస్తే పెరట్లోకి సులువుగా వెళ్ళొచ్చు. రావాలని రాయడం లేదు. ఊరికే చెబుతున్నాను.

బేబీ గారి మీద నాకు కోపం లేదు. కోళ్ళని అడ్డం పెట్టుకుని నా మీద పితూరీ చెప్పారని తెలిసి నవ్వొచ్చింది. నవ్వాను కూడా అనుకుంటాను.

ఒక్కటే చెబుతున్నాను. ఇంకేమైనా చెయ్యమను చేస్తాను, ఫోటో మాత్రం ఆపమనకు.

వదిన


హైదరాబాదు,
27 ఫిబ్రవరి 2025

వదినా,

ఇది రాయడానికి చాలా కాగితాలు చింపాను.

కంప్యూటర్ డిపార్ట్‌మెంటులో హేమంత్ అని ఒక రీసెర్చి స్కాలరు ఉన్నాడు. ఏఐ ఎక్కడ మోసపోతోందో చూడడం అతని పని. సోమవారం నా గదికి వచ్చి, "మేడమ్, కొత్తపేటలో ఒక ఇంటి మీద అనుమానం వచ్చిందండి. రోజూ ఫోటోలో వడ్డన ఒక్కలాగే ఉంటోంది. పచ్చిమిరపకాయ ఎడమ పక్క, చారుకి అన్నం మధ్యలో గుంట, చక్రకేళి అరటిపండు సగం ఒలిచి. పాత ఫోటోకే రంగులు మార్చి పంపుతున్నారేమోనని ఏఐ అంటోంది. ఇల్లు తీసేయమంటారా?" అన్నాడు.

"నకిలీ కాదు. ఆయనకి అలాగే వడ్డించాలి" అన్నాను.

"మీకెలా తెలుసు మేడమ్?"

నాకెలా తెలుసని! ఆ కంచం మా అమ్మ కాపురానికి తెచ్చుకున్నది. దాని అంచు మీద సొట్ట నేను చేసిందే, పుంజు ఈక ఒకటి నాకివ్వలేదని అన్నయ్య మీదికి విసిరినప్పుడు. ఇరవై ఇళ్ళ కంచాలు ఒక్కసారి తెర మీద పడేసినా నేను దాన్ని పట్టుకోగలను. పద్నాలుగో రోజున మొదటి ఫోటో వచ్చినప్పుడే పట్టుకున్నాను వదినా. నువ్వు వడ్డిస్తున్నది అన్నయ్యకని నాకు ఆ రోజే తెలుసు.

తెలిసీ ఎందుకు ఊరుకున్నానంటే, నాకు కావాలి అది. పన్నెండు దాటేసరికి నా చెయ్యి దానంతటదే కొత్తపేట పేజీ తెరుస్తుంది. కంచం కనపడుతుంది. సరే, అన్నయ్య భోజనానికి కూర్చున్నాడు అనుకుని నేను నా డబ్బా మూత తీసుకుంటాను. ఇన్ని నెలలుగా నేను అన్నం తింటున్నది ఇలాగే. నువ్వు అక్కడ తినకుండా పెడుతున్నావు, నేను ఇక్కడ అది చూసుకుంటూ తింటున్నాను. ఈ మాట రాస్తుంటే నాకు నా మీద అసహ్యం వేస్తోంది.

హేమంత్‌కి జవాబు చెప్పాలంటే ఒకటే దారి. ప్రతి ఇంటికీ మా దగ్గర ఒక పేజీ ఉంటుంది. అందులో 'యజమాని జీవించి ఉన్నారా' అని ఒక గడి. మన ఇంటి గడి ఖాళీగా ఉంది. నింపాల్సింది నేనే. నింపితే అన్నయ్య పేరు తీసేస్తుంది, రేపటి నుంచి ఆ కంచం రాదు.

విడిగా ఒక పార్శిల్ పంపాను. కొత్త స్టీలు కంచం. కోఠీలో కొని, వెనక నీ పేరు చెక్కించాను. దాంట్లో నువ్వు తిను. నేను అడిగేది ఇంతే.

వేణి


కొత్తపేట,
ఫాల్గుణమాసం

వేణికి,

కంచం అందింది. బాగుంది. అట్టపెట్టెతోనే చుట్టాల కంచాల పక్కన అటక మీద పెట్టాను. కోప్పడకు. చెబుతాను విను.

పెళ్ళయి వచ్చిన కొత్తలో, నాకు వేరే కంచం తీస్తుంటే మీ అమ్మగారు వారించారు. మొగుడి కంచంలో తినాలమ్మా అన్నారు. ఆవిడా అలాగే తిన్నారు, మా అమ్మా అంతే. మొదట్లో రోతగా అనిపించేది. తర్వాత అలవాటైపోయింది. మీ అన్నయ్య తిని లేచేవారు, నేను అదే పీట మీద అదే కంచంలో వడ్డించుకునేదాన్ని. నాకు కంచం అని ఒకటి ఎప్పుడూ లేదు. దాని గురించి ఆలోచించినట్టు కూడా గుర్తు లేదు.

నీకు తెలియనిది ఒకటుంది. ఆయన కావాలనే ఏదో ఒకటి అంచున వదిలేసేవారు. వంకాయ అయితే లేత ముక్క. చేపల పులుసు అయితే నడుం ముక్క. "ఇంక పట్టదు" అని మొహం ముడుచుకుని లేచేవారు, అంత తిండిపోతు మనిషి. నేను చూడనట్టు ఊరుకునేదాన్ని. పిల్లలు లేరని ఊరంతా నాకు ఏదో ఒకటి గుర్తుచేస్తూ ఉండేవారు, ఆయన ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఆ ముక్క మాత్రం రోజూ ఉండేది.

ఇప్పుడు వడ్డించి కూర్చుంటాను. ఆయన తినరు కాబట్టి లెయ్యరు. లెయ్యకపోతే నేను కూర్చోవడం ఎలా? రెండు మూడు రోజులు గిన్నెలోనే కలుపుకుని చూశాను. ఎవరి ఇంట్లోనో తినబోతున్నట్టుంది, ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. కూర చల్లారిపోయేదాకా చూసి కోళ్ళకి పెట్టేస్తున్నాను. ఇది పిచ్చి కాదు. ఆయన లేరని నాకు తెలుసు. పదో రోజున రేవు దగ్గర అన్నీ చూశాను కదా. తెలిసినా చేతులు వడ్డించేస్తాయి.

నువ్వు అది చూసుకుని అన్నం తింటున్నావని రాశావు. దానికి సిగ్గుపడకు. నాకు సంతోషం అనిపించింది. ఇన్నాళ్ళకి ఏదో ఒకటి అనిపించింది, అందుకని రాస్తున్నాను. నేను పెట్టింది ఎవరో ఒకరు చూశారు.

ఆ గడి నింపకు వేణీ. నీ చేత్తో నింపకు. వడ్డించడం కూడా లేకపోతే మధ్యాహ్నం నాకు ఏముంటుంది?

వదిన


హైదరాబాదు,
18 ఏప్రిల్ 2025

వదినా,

నింపేశాను.

నీ మాట కాదని నింపాను, నన్ను తిట్టుకో. 'జీవించి ఉన్నారా' దగ్గర లేరు అని నొక్కాను. తర్వాత అది 'ప్రస్తుత యజమాని పేరు' అని అడిగింది. నీ పేరు రాశాను. ఏదో కూర పేరు సరిదిద్దినట్టే రాసేశాను. అంత మామూలుగా ఎలా రాయగలిగానా అని తర్వాత చాలాసేపు నా చేతినే చూసుకున్నాను. నువ్వు చెప్పిన తిమ్మిరి నాకూ ఉంది వదినా. నీకన్నా బాగా తిని తిరుగుతున్నాను కాబట్టి ఎవరికీ కనపడలేదు.

నువ్వు రాసిన ఉత్తరం ఎవరికీ చూపించలేదు. కానీ మీటింగులో లేచి ఒకటి అడిగాను. "మన దగ్గర ఇన్ని ఇళ్ళ కంచాలున్నాయి. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు దేంట్లో తింటున్నారు, ఏం తింటున్నారు? మన ఏఐ ఒక్కటైనా చూసిందా?" అన్నాను. హేమంత్ ఏదో వెతికి చూశాడు. భర్త లేని ఆడవాళ్ళ ఇళ్ళు కొన్ని తప్ప ఇంకేం లేవన్నాడు. సుగుణ మేడమ్, "మా అమ్మ కంచం ఏదో నాకు గుర్తు రావడం లేదు" అంది. హిస్టరీ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జూన్ నుంచి ఇంట్లో ప్రతి ఒక్కరి కంచమూ తియ్యాలని రాసుకున్నారు. పని రెట్టింపైందని ఇప్పుడు అందరూ నన్ను తిట్టుకుంటున్నారు.

అదలా ఉంచు. అటక మీది కంచం అక్కడే ఉండనీ. నాది తెలివితక్కువ పని. నీకు కావలసింది కంచం కాదని అర్థమైంది.

వచ్చే శనివారం నేను వస్తున్నాను. ఆ రోజు ఎప్పటిలాగే వండు. పచ్చిమిరపకాయ ఎడమ పక్కనే పెట్టు. అన్నయ్య పీట వెయ్యి, అన్నయ్య కంచంలోనే వడ్డించు. నేను కూర్చుంటాను. వాడి చెల్లెల్ని, ఆ సొట్ట పెట్టినదాన్ని, నాకు ఆ మాత్రం హక్కు ఉంది. నేను తిని లేస్తాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో నీకు తెలుసు.

వేణి


కొత్తపేట,
వైశాఖమాసం

వేణికి,

నువ్వు క్షేమంగా చేరావని బేబీ గారు చెప్పారు. ఈసారి ఆవిడ ఫోనులో నేను కూడా మాట్లాడదామనుకున్నాను, ఈలోపు మీరు పెట్టేశారు.

ఆ రోజు సంగతి ఒకటి అడగాలి. నువ్వు పీట మీద కూర్చుని ముద్ద మీద ముద్ద తిన్నావు. పప్పు కలుపుకున్నావు, ఆనపకాయ కూర కలుపుకున్నావు, చారు పోసుకున్నావు. మొహం మామూలుగానే పెట్టావు. లేచేముందు కూరలో లేత ముక్క ఒకటి అంచుకి తోసి, "ఇంక పట్టదు వదినా" అన్నావు. మీ అన్నయ్య గొంతు ఎక్కడ దాచావో గానీ అచ్చం అలాగే అన్నావు. చెయ్యి కడుక్కోవడానికని పెరట్లోకి వెళ్ళినదానివి ఎంతకీ రాలేదు. నువ్వు కావాలనే రాలేదని నాకు తెలుసు.

నేను కూర్చున్నాను. ముందు ఆ ముక్కే నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు లేదు వేణీ.

కూరలో లేదు. పప్పులో చూస్తే పప్పులోనూ లేదు. చారు ఉత్త చింతపండు నీళ్ళు. ఎన్నాళ్ళ నుంచి అలా వండుతున్నానో నాకు తెలియదు. బహుశా మొదటి రోజు నుంచీ. రుచి చూడలేదు, చూసి చెప్పేవాళ్ళు లేరు. కోళ్ళు చెప్పవు. మీ ఏఐ అది ఆదర్శం అంది. నువ్వు కంచం నిండా తిని కూడా ఒక్క మాట అనలేదు. మీ అన్నయ్య అయితే మొదటి ముద్దకే "ఏం నాగదుర్గా, ఉప్పు కొట్టు మూసేశారా?" అని వీధిలోకి వినపడేలా అరిచేవారు. ఆ అరుపు వినపడలేదు. ఇంక వినపడదని అప్పుడు తెలిసింది. రేవు దగ్గర తెలియలేదు, ఆటో వెళ్ళిపోయినప్పుడు తెలియలేదు, ఉప్పు లేని ముద్ద నోట్లో ఉండగా తెలిసింది.

నువ్వు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి నేను ఎలా ఉన్నానో నువ్వే చూశావు. దాని గురించి రాయను. బేబీ గారు గోడ మీదనుంచి తొంగిచూసి "హమ్మయ్య, ఏడిచేరండి" అన్నారు చూడు, అది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తోంది.

నువ్వు వెళ్ళిన మర్నాడు మళ్ళీ మామూలే అవుతుందని భయపడ్డాను. వడ్డించాను, ఎదురుగా కూర్చున్నాను. ముందు తిని లేచేవాళ్ళు లేరు. ఫోను మోగింది. 'కుటుంబ యజమాని నాగదుర్గ గారూ, మీ భోజనం ఫోటో పంపండి' అని వచ్చింది. కరెంటు బిల్లు మీద కూడా నా పేరు లేదు, యజమాని అని పిలిచింది మీ మిషనే. నింపవద్దంటే నింపావని నీ మీద కోపం ఉంది, అది పోదు. అయినా ఆ పేరు రెండుసార్లు చదివాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చుకుని పీట మీద నేనే కూర్చున్నాను. సగం తిన్నాను. మిగతా సగం కోళ్ళకి. ఒక్కసారిగా అంతా తినలేను, తొందరపెట్టకు.

ఆవకాయ ఈ ఏడు మనం పెట్టకూడదు కదా, బేబీ గారు చిన్న జాడీతో పంపారు. నిన్న వేడి అన్నంలో అది కలుపుకుని, కొంచెం నెయ్యి వేసుకుని, తలెత్తకుండా తినేశాను. తినేశాక గుర్తొచ్చింది, ఫోటో తియ్యలేదని. కంచం ఎదురుగానే ఉంది. సరేలెమ్మని అలాగే తీసి పంపాను. వెంటనే ఎర్ర అక్షరాలు వచ్చాయి. 'ఫోటోలో భోజనం కనిపించడం లేదు. మళ్ళీ తీయండి' అని.

మళ్ళీ తియ్యలేదు. కంచం కడిగి బోర్లించాను. ఏం జరిగిందో మీ వాళ్ళకి నువ్వే చెప్పు.

వదిన